ఇరవయ్యో గీత

నిండు భూమి రోజు

గాలి బాగానే ఉంది. మూడుసార్లు చూశాను.

నా పేరు అసిరమ్మ. నాలుగో బట్టీ బడిలో వంటమనిషిని. గాలి మీటరు ఉన్న ప్రతి గదికీ ఒక పుస్తకం ఉండాలనీ, ఆ గదిలో ఎక్కువసేపు ఉండేవాళ్ళే అందులో రాయాలనీ బట్టీ నియమం. వంటగదిలో నాకంటే ఎక్కువసేపు ఉండేది పొయ్యి ఒక్కటే. అది రాయలేదు కనక నేను రాస్తున్నాను. మూడో తరగతి దాకానే చదివాను. తప్పులుంటే పొయ్యికి చెప్పుకోండి.

ఇన్నాళ్ళూ ఇందులో గాలి బాగుందని తప్ప నేనేమీ రాయలేదు. ఈరోజు రాయాల్సి వచ్చింది. ఎందుకంటే పొద్దున్నే వరహాలు మాస్టారు వచ్చి మీటరు మీద గుడ్డ కప్పేశారు.

"ఏటి బాబూ ఇది?" అన్నాను.

"పిల్లలకి అంకెలు కనిపించకూడదమ్మా. కొత్త పద్ధతి."

"గాలి అయిపోతే ఎలగ తెలుస్తాది?"

"గంట మోగుతుంది కదా."

"గంట పాడైతే?"

ఆయన గుడ్డ అంచులు సర్ది వెళ్ళిపోయారు. చదువుకున్నవాళ్ళకి ఇలాంటి ప్రశ్నలు నచ్చవు.

భూమి నుంచి విద్యామండలి వాళ్ళు ఒక పుస్తకం పంపారట. ఇకమీదట పిల్లలు లెక్కలు నేర్చుకోకూడదు, కనిపెట్టాలి. మనిషి ఏ వరసలో కనిపెట్టాడో అదే వరసలో కనిపెట్టాలి. ఒకటో తరగతివాళ్ళు ఎముక మీద గీతలు గీసుకునే కాలంలో ఉంటారు. రెండో తరగతిది మట్టి బిళ్ళల కాలం. మూడోది అరవై అరవైగా లెక్కపెట్టినవాళ్ళ కాలం. సున్నా నాలుగో తరగతికి వస్తుంది. అంతకుముందు ఎవరైనా పిల్లలకి సున్నా గానీ, అంకె గానీ చూపిస్తే కాలం దాటించినట్టు. మాస్టారికి మెమో వస్తుంది.

మా బడికి గది ఒకటే, మాస్టారూ ఒకరే, తరగతులు మాత్రం అయిదు. అందుకని ఎముకల కాలం వాళ్ళని తలుపు దగ్గర కూర్చోబెట్టారు. మట్టి బిళ్ళల వాళ్ళు గాలిపంపు పక్కన, అరవైల వాళ్ళు గది మధ్యలో. అయిదో తరగతివాళ్ళు నీళ్ళ డ్రమ్ము దగ్గర. ఒకటో తరగతి పిల్ల మంచినీళ్ళు తాగాలంటే ఇరవై వేల ఏళ్ళు దాటి వెళ్ళాలి.

నా మనవరాలు నూకాలు ఒకటో తరగతే. దాని అమ్మా నాన్నా మట్టిని కాల్చి గాలి తీసే బట్టీలో పని చేస్తారు. వారానికి ఒక్కసారే పైకి వస్తారు. అది నా దగ్గరే పెరుగుతోంది. నా చిటికెన వేలు పట్టుకోకపోతే దానికి నిద్ర రాదు. ఆరేళ్ళ పిల్లని ఎముకల కాలంలో కూర్చోబెట్టారు, అక్కడ చలి వేస్తుందేమోనని స్వెట్టరు వేసి పంపాను.

నిండు భూమి తర్వాత మూడో రోజు

గాలి బాగానే ఉంది. గుడ్డ ఎత్తి ఆరుసార్లు చూశాను. పిల్లలు లేనప్పుడే ఎత్తాను.

విద్యామండలి పుస్తకంలో ఇలా ఉందట: "పిల్లలు రోజూ ఆకాశంలో చంద్రుణ్ణి గమనించి, రోజుకో గీత చొప్పున ఎముక మీద గీయాలి."

మాస్టారు ఆ వాక్యం చదివి, కళ్ళజోడు తుడుచుకుని, మళ్ళీ చదివారు. మేముంటున్నది చంద్రుడి మీదే.

"కిందకి చూస్తే సరిపోదా బాబూ?" అన్నాను.

ఆయన విద్యామండలికి రాశారు. స్థానిక పరిస్థితులను బట్టి మార్చుకోవచ్చని జవాబు వచ్చింది. ఇక్కడ ఆకాశంలో పెరిగేదీ తరిగేదీ భూమే కాబట్టి పిల్లలు దాన్నే చూడాలని మాస్టారు తేల్చారు. భూమి కనిపించే కిటికీ బడి మొత్తానికి ఒకటే ఉంది, అది నా వంటగదిలో. ఇక రోజూ పొద్దున్న నేను పిండి కొలిచే వేళకి ఒకటో తరగతి పిల్లలు నలుగురూ వచ్చి నా కాళ్ళకి అడ్డం పడతారు.

ఎముక సంగతి ఇంకా కష్టమైంది. ఇక్కడ కోడి లేదు, మేక లేదు. ఎముకలున్నది మాకే. మాస్టారు ఆలోచిస్తూ నా మోచేతి వైపు చూసినట్టు అనిపించింది. చెయ్యి కొంగులో పెట్టేసుకుని, విరిగిన గరిటె కాడ ఒకటి వెతికి ఇచ్చాను.

"ఇది సాలదా బాబూ?"

"బ్రహ్మాండం" అన్నారు. ఆ గరిటె విరగ్గొట్టినందుకు కిందటేడు నన్ను మందలించింది ఆయనే.

సగం భూమి రోజు

గాలి బాగానే ఉంది. తొమ్మిదిసార్లు చూశాను.

ఈరోజు తప్పు బయటపడింది. ఆ తప్పు నాదే.

బడి హాజరు కూడా పాత పద్ధతిలోనే తియ్యాలట. పిల్లలందరూ తలుపులోంచి ఒక్కొక్కరే లోపలికి వస్తుంటే, ఒకటో తరగతివాళ్ళు తలకో గీత చొప్పున గరిటె కాడ మీద గీస్తారు. మొన్నటిదాకా బడిలో ఇరవై ఒక్క మంది ఉండేవారు. మొన్న రెండో బట్టీకి బదిలీ అయిన ఒక కుటుంబంతో కవల పిల్లలు వెళ్ళిపోయారు. ఇప్పుడు పందొమ్మిది మంది. గీతలు మాత్రం ఇరవై వచ్చాయి. మాస్టారు పిల్లల్ని మళ్ళీ బయటికి పంపి, మళ్ళీ లోపలికి రప్పించారు. మళ్ళీ ఇరవయ్యే. చివరి గీత మిగతావాటిలో సగం కూడా లేదు.

"ఈ పొట్టిగీత ఎవరిది?" అని అడిగారు.

"అది కొసరు మాస్టారూ" అంది నూకాలు.

"కొసరేమిటి?"

"కొలిసినాక ఎయ్యాలి కదా. నేకపోతే కొలత అవదు. మా అమ్మమ్మ రోజూ ఏస్తాది."

మా అమ్మ గింజలు కొలిస్తే మొదటి సోలని ఒకటి అనేది కాదు, లాభం అనేది. లాభం, రెండు, మూడు అని కొలుచుకుంటూ పోయి, ఆఖర్న ఒక గుప్పెడు కొసరు వేసేది. వెయ్యకపోతే తీసుకునేవాళ్ళు కదిలేవాళ్ళు కాదు. నేనూ అంతే. అంబలికి రోజూ చోడిపిండి అలాగే కొలుస్తాను, పైకే లెక్కపెడతాను. కిటికీ దగ్గర భూమిని చూడమని పంపిన పిల్లలు నన్ను చూశారన్నమాట.

మాస్టారు వంటగదికి వచ్చారు. ఆయన కోపంగా ఉన్నప్పుడు మరీ మర్యాదగా మాట్లాడతారు.

"అసిరమ్మ గారూ, ఇరవై వేల ఏళ్ళ కిందట ఎముక మీద గీత గీసినవాడు కొసరు వెయ్యలేదండీ."

"ఆడు ఎప్పుడూ ఎవరికీ కొలిసి ఇవ్వలేదేమో బాబూ" అన్నాను.

ఆయన నవ్వలేదు. వచ్చే నిండు భూమి దాటాక తనిఖీ ఉందట. కాత్యాయని గారని భూమి నుంచి ఒక ఇన్‌స్పెక్టరమ్మ వస్తోందట. ఆమె ముందు పిల్లలు తప్పు లెక్క చూపిస్తే బడికి మచ్చ, ఆయనకి మెమో. రేపటి నుంచి పిల్లలు వినేలా లాభం అనకూడదు, కొసరు వెయ్యకూడదు అన్నారు.

అలాగే అన్నాను. ఇరవై వేల ఏళ్ళుగా మనుషులు కష్టపడి కూడబెట్టిన లెక్క నా గుప్పెడు పిండితో పాడైపోయిందే అని సాయంత్రం దాకా అనుకుంటూనే ఉన్నాను.

భూమి కనిపించని రోజు

గాలి బాగానే ఉంది. పదిసార్లు చూశాను.

ఒకటి, రెండు, మూడు అంటున్నాను. నోరు తిరగడం లేదు. మొదటి సోల దగ్గర లాభం అని వచ్చేస్తుంటే దగ్గినట్టు నటిస్తున్నాను. జలుబు చేసిందనుకుని పిల్లలు దూరంగా నిలబడుతున్నారు. మంచిదే అయింది.

ఆఖర్న గుప్పిట ముడిచి కొంగులో దాచుకుంటున్నాను. అంబలి పల్చబడింది.

"అమ్మమ్మా, కొసరు ఎయ్యలేదు నువ్వు" అంది నూకాలు మొదటి రోజు.

"ఎయ్యకూడదంట."

"ఎందుకు?"

"లెక్క తప్పుతాదంట."

అది డబ్బా వైపు చూసింది, నా చేతి వైపు చూసింది. "మరి ఇన్నాళ్ళూ తప్పేనేటి?" అంది. ఉల్లిపాయలు తరగడం మొదలుపెట్టాను. కూరకి అవసరం లేకపోయినా రెండు తరిగాను.

అయిదు రోజులకి మాన్పించగలిగాను. ఇప్పుడు గరిటె కాడ మీద గీతలు పందొమ్మిదే పడుతున్నాయి, అన్నీ ఒకే పొడవు. మాస్టారు సంతోషపడి నా అంబలి బాగుందన్నారు. పల్చటి అంబలిని మెచ్చుకున్న మొదటి మనిషి ఆయనే.

మళ్ళీ సగం భూమి రోజు

గాలి బాగానే ఉంది. ఎన్నిసార్లు చూశానో లెక్కపెట్టలేదు. గుడ్డ అంచు నలిగిపోయింది.

ఇంకో ఉత్తరం వచ్చింది. పంపింది విద్యామండలే గానీ, లెక్కల చరిత్ర విభాగం కాదు, బడులు కలిపే విభాగం. ఆ రెండు విభాగాలూ ఒకే వరండాలో ఎదురెదురుగా ఉంటాయనీ, వాళ్ళు ఒకరితో ఒకరు మాట్లాడుకోరనీ మాస్టారు చెప్పారు.

ఇరవై మందికి తక్కువ పిల్లలున్న బడిని ఏడో బట్టీ బడిలో కలిపేస్తారట. ఏడో బట్టీ ఇక్కడికి గొలుసు చక్రాల బండి మీద మూడు రోజుల దారి. పిల్లలు అక్కడే హాస్టల్లో ఉండాలి. ఏడాదికి ఒకసారి ఇంటికి పంపిస్తారు. హాస్టల్లో మంచాలు ఒకదాని మీద ఒకటి నాలుగంతస్తులట. నాలుగో అంతస్తు నుంచి పడినా ఇక్కడ మెల్లగా పడతారు గానీ, పడేటప్పుడు పట్టుకోవడానికి మా నూకాలుకి ఎవరి వేలుంటుంది?

పిల్లలు ఎంతమందో ఎలా తేలుస్తారని అడిగాను. మాస్టారు పుస్తకం తీసి చదివి వినిపించారు. తనిఖీ రోజున పిల్లల సంఖ్యను పిల్లలే, తమ కాలపు పద్ధతిలో లెక్కించి చూపాలి. ఆ లెక్కే ప్రమాణం. పెద్దలు కళ్ళతో చూసి చెప్పేది ఆధారం కాదు. మాస్టారి రిజిస్టరులో అంకెలున్నాయి కనక దాన్ని పిల్లల ముందు తెరవకూడదు.

అంటే ఇన్‌స్పెక్టరమ్మ చూసేది ఆ గరిటె కాడే.

మా ఇద్దరికీ ఒకేసారి తట్టింది. ఆయన కిటికీ వైపు చూశారు. నేను పొయ్యి వైపు చూశాను.

"పిల్లలు ఇప్పుడు ఒక్క తప్పు కూడా లేకుండా లెక్కపెడుతున్నారమ్మా" అన్నారు, చావు కబురు చెప్పినట్టు.

"అవును బాబూ. నేనే మాన్పించాను."

ఆయన పుస్తకం మూసేశారు.

"మీ అమ్మగారు కొసరు గుప్పెడే వేసేవారా?"

"గుప్పెడే."

"ఊఁ" అని వెళ్ళిపోయారు. మాస్టారు అబద్ధం నేర్పమని అనరు. అలాంటి మనిషి కాదు. నేను కూడా అడగలేదు. ఆరేళ్ళ పిల్లకి నిన్న తప్పు అని చెప్పినదాన్ని ఇవాళ ఒప్పు అని ఏ నోటితో చెప్పను?

నూకాలు గౌన్ల మీద పేరు కుట్టడం మొదలుపెట్టాను. హాస్టల్లో బట్టలు కలిసిపోతాయట. "నూ" దాకా కుట్టి ఆపేశాను.

నిండు భూమి తర్వాత రెండో రోజు, తనిఖీ

గాలి బాగానే ఉంది. ఇన్‌స్పెక్టరమ్మ కూడా గుడ్డ ఎత్తి చూసింది. ఆ ఒక్క పనితో ఆమె మీద నాకు కాస్త నమ్మకం కలిగింది.

ఏం జరిగిందో జరిగినట్టు రాస్తాను. తరవాత ఎవరైనా అడిగితే ఈ పుస్తకమే సాక్ష్యం.

కాత్యాయని గారు సన్నగా, పొడుగ్గా ఉంది. నా కూతురు కంటే పెద్దది, నాకంటే చిన్నది. భూమి నుంచి కొత్తగా వచ్చినవాళ్ళలాగే అడుగు తీస్తే గాల్లోకి లేస్తోంది. ముందు అరవైల వాళ్ళ దగ్గర కూర్చుంది. ఒకటో తరగతివాళ్ళని భూమిని చూసి రమ్మని మాస్టారు వంటగదికి పంపారు.

నేను అప్పుడే పిండి డబ్బా తెరిచాను. చుట్టం ఇంటికొచ్చింది. చుట్టానికి కూడా పల్చటి అంబలి పోయాలా అనుకున్నాను. మొదటి సోల ముంచాను.

"లాభం" అని వచ్చింది నోట్లోంచి.

దగ్గడానికి అప్పటికే ఆలస్యమైంది. రెండు, మూడు అంటూ పోయాను. ఆఖరి సోల పోశాక నా చెయ్యి దానంతట అదే డబ్బాలోకి వెళ్ళి, గుప్పెడు తీసి, గిన్నెలో పడేసింది. నేను ఆపలేదు. కావాలని చేశానా అంటే, దేవుడి తోడు, నాకు తెలియదు.

నూకాలు భూమిని వదిలేసి నన్నే చూస్తోంది.

నేను దానితో ఒక్క మాట అనలేదు. సైగ చెయ్యలేదు. ఎడమ కన్ను అదిరింది, అంతే. అది నా వయసుకి మామూలే.

తరవాత హాజరు. పిల్లలు బయటికి వెళ్ళి ఒక్కొక్కరే లోపలికి వచ్చారు. నూకాలు గరిటె కాడ పట్టుకుని గీతలు గీసింది. నేను గరిటె పట్టుకుని వంటగది గుమ్మంలో నిలబడ్డాను. ఆఖరి పిల్ల లోపలికి వచ్చేసింది. తలుపు మూశారు. నూకాలు ఇంకో చిన్న గీత గీసి, కాడని ఇన్‌స్పెక్టరమ్మ చేతిలో పెట్టింది.

మాస్టారు నేల వైపు చూస్తున్నారు.

ఆమె కాడని వెలుతురుకి పట్టుకుని, గోటితో ఒక్కో గీతా తడుముతూ లెక్కపెట్టింది.

"లాభం" అంది. "రెండు. మూడు."

నా చేతిలోంచి గరిటె జారింది. ఇక్కడ ఏదైనా మెల్లగా పడుతుంది కాబట్టి, నేల తగిలేలోపే పట్టుకోగలిగాను.

ఇరవై దగ్గర ఆమె గోరు ఆగింది. తలెత్తి గది అంతా చూసింది. పందొమ్మిది తలలు ఉన్నాయి. ఎవరికైనా కనిపిస్తాయి.

"ఇది పొట్టిగా ఉందేం పాపా?"

"అది సిన్నది కదండీ" అంది నూకాలు.

"రోజూ వస్తుందా?"

"మజ్జిలో కొన్నాళ్ళు రానీలేదండీ. ఇయ్యాల వచ్చినాది."

ఇన్‌స్పెక్టరమ్మ మాస్టారి వైపు చూసింది. ఆయన కళ్ళజోడు తుడుచుకుంటున్నారు. నా వైపు చూసింది. నాకు ఎడమ కన్ను మళ్ళీ అదిరింది.

"చిన్నవాళ్ళు కూడా లెక్కలోకి వస్తారు" అని కాగితం మీద రాసుకుంది. పిల్లలకి అంకె కనిపించకుండా కాగితాన్ని చేత్తో కప్పి మరీ రాసింది. నియమం అంటే ఆమెకి అంత పట్టింపు.

భోజనం దగ్గర సగం గిన్నె చాలంది. సగమే పోశాను. తాగేసి, గిన్నె నా ముందుకి చాపి, ఏమీ అనకుండా కూర్చుంది. ఇంకో గరిటె పోశాను. అప్పుడు లేచింది.

మళ్ళీ నిండు భూమి రోజు

గాలి బాగానే ఉండాలి. ఇంకా చూడలేదు. ముందు ఈ సంగతి రాయాలి.

నిన్న ఉత్తరం వచ్చింది. నాలుగో బట్టీ బడిలో ఇరవై మంది ఉన్నారట, బడి ఇక్కడే ఉంటుందట. సరుకులు కూడా ఇరవై మందికి వచ్చాయి. ఇరవై పలకలు, ఇరవై కంచాలు. ఇరవయ్యో కంచాన్ని మిగతావాటి కిందకి తోసేశాను.

"ఈ పిల్లో పిల్లాడో ఎవరని అడిగితే ఏటి సెప్తాం బాబూ? పేరెక్కడిది?" అని మాస్టారిని అడిగాను.

"పేరు అడగరమ్మా. ఒకటో తరగతికి రాత ఇంకా పుట్టలేదు" అన్నారు. తనిఖీ అయినప్పటి నుంచి ఆయన ముఖం తేటగా ఉంది.

"మరి రోజూ రాలేదని వేసుకోవాలి కదా?"

"ఎలా వేస్తాం? గీత ఉంటే ఉన్నట్టు. లేదు అని చెప్పే గీత ఎక్కడా లేదు. లేనిదాన్ని లేదని రాయాలంటే సున్నా కావాలి. అది నాలుగో తరగతికి గానీ రాదు."

"అంటే?"

"మూడేళ్ళు నిశ్చింతగా ఉండండి."

నిశ్చింతగా ఎలా ఉండాలో నాకు తెలియదు గానీ, ఉందామనే అనుకున్నాను. గౌన్ల మీద కుట్టిన "నూ" విప్పేశాను. ఈ పొద్దున్న కొసరుతో సహా పిండి కొలిచి, అంబలి పొయ్యి మీద పెట్టాను. ఆవిరికి కిటికీ అద్దం మసకబారింది. నూకాలు ముక్కాలిపీట ఎక్కి అద్దం మీద వేలితో ఏదో గీస్తోంది. భూమి బొమ్మ అనుకున్నాను. భూమి కంటే చిన్నగా, గుండ్రంగా, లోపల ఏమీ లేకుండా ఉంది.

"అదేటే?"

"మన కొసరోడి కంచం అమ్మమ్మా. ఆడు రాలేదు కదా, కాలీ. ఇలగ గీస్తే ఆడు రాలేదని అందరికీ తెలుస్తాది."

గుమ్మం వైపు చూశాను. మాస్టారు ఇంకా రాలేదు. కొంగుతో అద్దం మొత్తం తుడిచేశాను, మూలలతో సహా.

"ఎందుకు సెరిపేసావు? బాగునేదేటి?"

"బాగుందే తల్లీ" అన్నాను. "మూడేళ్ళు ఆగి గియ్యి."

ఆ ఇరవయ్యో కంచం నిండా అంబలి పోసి దాని ముందు పెట్టాను. అది తాగుతుంటే పక్కనే నిలబడ్డాను. కంచం ఖాళీ అవుతున్నప్పుడల్లా ఇంకో గరిటె పోస్తూ ఉన్నాను.